యారాడ వెళ్ళమన్నది నేనే

ఉచిత సలహాలివ్వడం మా ఇంటి జబ్బు. నాన్నగారు గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వస్తూ దాన్ని కూడా వెంటబెట్టుకొచ్చారు. అందరికంటే ఎక్కువగా నాకే అంటింది. మల్కాపురంలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఏటా వేసవి మొదట్లో ఓ చిట్టా పెట్టేదాన్ని: ఈ సెలవులకి ఎక్కడికెళ్ళాలి, ఏం చదవాలి, ఏ ఆట చూడాలి. ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అడగకపోయినా చెప్పడమే కదా జబ్బంటే.

నిరుడు రాసింది అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "రుషికొండ జనంతో కిటకిటలాడుతుంది, మానేయండి. పొద్దున్నే యారాడ వెళ్ళండి. ఇవి చేపల వేట నిషేధం రోజులు. పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, సముద్రం ఖాళీగా, ప్రశాంతంగా ఉంటుంది. పిల్లల్ని నిర్భయంగా నీళ్ళలో ఆడుకోనివ్వండి. మీరు కొబ్బరిచెట్ల నీడన లావుపాటి డిటెక్టివ్ నవల చదువుకోండి. అదృష్టముంటే ఇసుకలో కబడ్డీ కూడా చూడొచ్చు."

బోలెడుమంది దండాల బొమ్మలు పెట్టారు. నేను యారాడలో పాదాలు తడిపింది ఒకే ఒక్కసారి, అదీ పదేళ్ళ కిందట అన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ ఆదివారమే మా తమ్ముడు కూతుళ్ళిద్దరినీ తీసుకుని బయల్దేరాడు. మరదలికి ఆ పూట డ్యూటీ. నా నవలే అడిగి సంచిలో పెట్టుకున్నాడు.

వాళ్ళు వెళ్ళిన గంటకి, మాకు ఎప్పుడూ చేపలిచ్చే ఆవిడ ఎండుచేపల గంప మా గుమ్మంలో దించింది. ఆవిడది యారాడే.

"మీ ఊరికే వెళ్ళాడు మా తమ్ముడు. పిల్లలు సముద్రంలో ఆడుకుంటారని నేనే పంపించాను" అన్నాను గొప్పగా.

గంప మీది గుడ్డ తీయబోతున్న ఆవిడ చెయ్యి ఆగిపోయింది. "వేట లేనప్పుడా? ఏటమ్మా, అలాగ పంపించీసేవు?"

"పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి కదా, భయముండదని..."

"పడవలు ఒడ్డునుంటే సముద్రం మంచిదైపోద్దేటి? అక్కడ నీరు లోపలికి లాగీస్తది. వేటప్పుడైతే పడవలు తిరుగుతుంటాయి, ఎవులు ములిగినా మావోళ్ళు సూసి లాగుతారు. ఇప్పుడు ఇంజిన్లు ఇప్పీసి బోట్లన్నీ ఇసక మీదకి ఎక్కించీసేరు. మళ్ళీ దించీసరికి మనిసుంటాడా? ఫోన్ సెయ్యి తల్లీ, నాను సెప్తన్నాను, ముందు ఫోన్ సెయ్యి."

చేశాను. అందుబాటులో లేడంది. మళ్ళీ చేశాను. యారాడ కొండ దాటితే అక్కడ సిగ్నల్ సరిగ్గా ఉండదు. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికొచ్చి ఆటో ఎక్కాను.

కొండ మలుపులు తిరుగుతున్నంతసేపూ కింద సముద్రం కనబడుతూనే ఉంది. నీలంగా, ఒక్క పడవ కూడా లేకుండా, అచ్చం నేను రాసినట్టే ఉంది. నేను మెచ్చుకున్న ఖాళీ అదే. చిన్నది నన్ను "అత్తా" అని పిలిచే గొంతు గుర్తు తెచ్చుకోబోతే ఎంతకీ రాలేదు. మరదలికి ఏం చెప్పాలా అన్న ఆలోచన వచ్చి, అలా వచ్చినందుకు లెంపలేసుకున్నాను. ఆటో అతను అద్దంలో నన్ను చూసి వేగం పెంచాడు.

ఇసుకలో వాళ్ళ దుప్పటి కనబడింది. దాని మీద నా నవల బోర్లా ఉంది. పక్కన మూడు జతల చెప్పులు. మనుషులు లేరు. పేర్లు పెట్టి అరిచాను. అలల హోరులో నా కేక నాకే వినిపించలేదు. నీళ్ళలోకి మోకాళ్ళ దాకా వెళ్ళేసరికి కాళ్ళ కింద ఇసుక జారిపోతోంది, నీరు పట్టి గుంజుతోంది. ఈత రాదు నాకు. అయినా ఇంకో అడుగు వేశాను.

అప్పుడే వెనక పడవల చాటునుంచి పెద్ద గోల వినిపించింది. పరిగెత్తాను. వేట లేని మగవాళ్ళు రెండు జట్లుగా కబడ్డీ ఆడుతున్నారు. చుట్టూ మూగిన జనంలో మా తమ్ముడు, వాడి భుజాల మీద చిన్నది, పక్కన ఈలలేస్తూ పెద్దది. ఇద్దరి గౌన్ల అంచులూ పట్టుకుని చూశాను. పొడిగా ఉన్నాయి.

వాడి వీపు మీద ఒక్కటిచ్చాను.

"ఏంటక్కా? నువ్వే కదా వెళ్ళమన్నావు! నీళ్ళలో దిగబోతుంటే, ఆట చూశాకే దిగుదామని పెద్దది మొండికేసింది. ఇంకో అయిదు నిమిషాల్లో దిగేవాళ్ళం."

అక్కడే కూలబడి ఏడ్చేశాను. పిల్లలు భయపడ్డారు.

ఇంటికి రాగానే ఆ చిట్టా చెరిపేసి, తెలియకుండా రాశానని గ్రూపులో ఒప్పుకున్నాను. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని అమ్మ అనేది. ఫోన్ మీద వేలు జారినా అంతేనని నాకప్పటికి తెలియదు.

ఈ ఏడు నేనేమీ రాయలేదు. వేట ఆగిన మూడోరోజు పొద్దున, కాకినాడలో ఉండే మా పిన్ని కూతురు ఓ మెసేజ్ పంపింది. పైన 'చాలాసార్లు ఫార్వర్డ్ చేయబడింది' అని ఉంది. "రుషికొండ జనంతో కిటకిటలాడుతుంది, మానేయండి..." అని మొదలైంది. దాని కింద మా చెల్లి మాటలు: "ఎవరు రాశారో గానీ చక్కగా రాశారక్కా. పిల్లల్తో యారాడ కొండెక్కుతున్నాం. మధ్యాహ్నం భోజనానికి మీ ఇంటికే."

వెంటనే ఫోన్ చేశాను. అందుబాటులో లేదంది.