పళనికిచ్చిన కుడి చెయ్యి

ఇది ఎవరికీ చెప్పకుండా పోతే నా కట్టె కూడా కాలదేమో. ఇన్నేళ్ళు మోశాను. మీరెవరో నాకు తెలియదు, అదే మంచిది. తెలిసినవాళ్ళ ముందు ఈ నోరు పెగలలేదు.

మాది కోయంబత్తూరులో వెండి పని చేసే తెలుగు ఇల్లు. నేను నాన్న పక్కన కుంపటి ముందు కూర్చున్నాను. తమ్ముడు సింగానల్లూరు మిల్లుకు పోయాడు. మా అత్త కూతురు నాకేనని చిన్నప్పటి నుంచీ అందరూ అనేవాళ్ళు. ఆ మాట నమ్మి ఆమెకు కాలి కొలుసులు చేశాను. ఒక్కో మువ్వనూ ఊపి విని, నచ్చకపోతే ఊడదీసి మళ్ళీ అతికాను. నోటితో చెప్పడం చేతకానివాణ్ణి, వెండితోనే చెప్పుకున్నాను. ఆమెకు వినబడలేదు. నెలనెలా జీతమొచ్చే మిల్లువాడే మేలని, అన్న ఉండగానే ఆమెను తమ్ముడికిచ్చారు. పెళ్ళిలో నేనే వడ్డించాను. నవ్వాను కూడా.

కొన్నాళ్ళకు మిల్లులో మిషను తమ్ముడి ఎడమ చేతిని లాగేసింది. చీము పట్టింది, తీసేయాల్సి రావచ్చని ఆస్పత్రిలో అన్నారు. చెయ్యి పోతే మిల్లు పనీ పోయినట్టే. మావైపు ఏ అవయవానికి కష్టమొస్తే దాన్ని వెండి రేకులో చేయించి పళని మురుగనుకు ఇస్తామని మొక్కుకుంటారు. ఆమె ఏడుస్తూ వచ్చి, కొలుసులు విప్పి నా ముందు పెట్టింది.

"వీటిని కరిగించి చెయ్యి చేసియ్యండి బావా. ఎడం చెయ్యి. మీ చేత్తోనే కావాల, వేరే ఎవురూ వద్దు."

"ఈ కొలుసులేనా?"

"ఇవి కాకుంటే నాకాడ ఏముండాది బావా? ఆయన చెయ్యికన్నా ఇవి పెద్దవా?"

వాటిలో నేనేం పెట్టానో ఆమెకు ఎన్నడూ తెలియనే లేదా? కుంపట్లో మువ్వలు ముద్దవుతుంటే నా కళ్ళు మసకబారాయి. దుఃఖమా? కాదు, అసూయ. ఇప్పుడు దాని పేరు దాచి ఏం లాభం?

రేకును లక్క మీద బోర్లించి, వెనక నుంచి కొట్టి బొమ్మ లేపుతాం. వెనక ఎడమగా కనబడేది ముందుకు తిప్పితే కుడి అవుతుంది. పని నేర్చుకునేవాళ్ళు మొదట చేసే తప్పే అది. ఆ తప్పును నేను తెలిసి చేశాను. పొరపాటేనని నాకు నేను ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో! కాదండీ. మొదటి దెబ్బకే తెలుసు. అరచేతి గీతలు సైతం శ్రద్ధగా దిద్దాను. ఛీ, అంత శ్రద్ధ ఎందుకు?

పళని కొండ మీద ఆమె దాన్ని కళ్ళకద్దుకుంది. కుడో ఎడమో చూసే స్థితిలో లేదు. నేను పక్కనే ఉన్నాను. ఆగమ్మా, తప్పు జరిగింది, మళ్ళీ చేస్తానని అంటే చాలు. అనలేదు. హుండీలో పడిన చప్పుడు విన్నాను.

తమ్ముడి ఎడమ చెయ్యి తీసేశారు. వెండి రేకు చీమును మాన్పుతుందా? మాన్పదని నా బుద్ధి చెబుతుంది. మరి మాన్పుతుందని నమ్మి, నన్ను నమ్మి, ఒంటి మీది వెండి విప్పి ఇచ్చిన మనిషిని మోసం చేశానే, దానికేం చెబుతుంది?

మిల్లులో వాణ్ణి పనిలోంచి తీసేశారు. వాడు నా కుంపటి దగ్గరికే వచ్చాడు. ఉన్నన్నాళ్ళూ కుడి చేత్తో తిత్తి ఊదుతూ, "అన్నా, అన్నా" అంటూ నా ఎదుటే కూర్చున్నాడు. వాడు చనిపోయిన రోజు ఆమె ఆ కుడి చేతిని ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ నాతో అంది.

"ఎడమది పోయినా ఈ చేతికి ఒక్కనాడూ నలత రాలేదు బావా. సామి కాపాడినాడు. అంతా మీరు చేసిన చెయ్యి పుణ్యం."

తల ఊపాను. ఇంకేం చేయగలను?

ఆమె ఇప్పుడూ పక్క గదిలోనే ఉంది. మిల్లు సంగు, అదే సైరను, కూయగానే అలవాటుగా లేచి కాఫీ పెట్టి, నాకూ ఒక లోటా తెస్తుంది. తాగుతాను. ఆమెకు చెప్పలేదు, చెప్పలేను కూడా. మీరు క్షమించాలనీ అడగను. ఆ రోజు నేను చేసింది కుడి చెయ్యి. తెలిసే చేశాను. అమ్మయ్య, మాట బయటికొచ్చింది.