గొడుగు ఇచ్చేసిన వానాకాలం

సైకాలజీ చదివితే పిచ్చెక్కుతుందని మా ఊళ్లో గట్టి నమ్మకం. మాది ద్రాక్షారామం పక్కన పల్లె. డిగ్రీలో నేను ఆ సబ్జెక్టు తీసుకున్నానని తెలిసిన రోజున మా మేనత్త భీమేశ్వరుడి గుడికి వెళ్లి నా పేరున అర్చన చేయించింది. ఇంకేం దొరకలేదా తల్లీ అని నా బుగ్గలు నిమిరి కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు ఒళ్లు మండింది. చెప్పొద్దూ, నాకు నోటిదురుసు మొదటినుంచీ ఎక్కువే. పిచ్చెక్కితే ముందు నీ ఇంటికే వస్తానత్తా అని చెప్పి రాజమండ్రి బస్సెక్కాను. తొంభైల చివరి సంగతి ఇది. వేళాకోళంగా అన్న ఆ మాట, మూడో ఏడాది వానాకాలంలో గుర్తొచ్చినప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

మా కాలేజీలో సైకాలజీ డిపార్టుమెంటంటే వరండా చివర ఒక గది, ఒక బీరువా, ఒక మేడమ్. అంతే. విద్యార్థులం పదిమందికి లోపే. బీరువాలో సగం ప్రయోగాల సామాను, సగం మేడమ్ సొంత పుస్తకాలు. ఆవిడ మా కోసం పడని పాట్లు లేవు. పీజీ ఎంట్రన్సు పాత ప్రశ్నపత్రాలు ఎక్కడెక్కడినుంచో తెప్పించి మాకు జిరాక్సులు తీయించేవారు. శనివారాలు బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల బడికి తీసుకెళ్లి, వాళ్లతో ఎలా మెలగాలో దగ్గరుండి నేర్పించేవారు. ఉద్యోగాల్లో కుదురుకున్న పాత విద్యార్థులు ఊళ్లోకి వస్తే పట్టుకొచ్చి మా ముందు కూర్చోబెట్టేవారు. రోజూ మధ్యాహ్నం భోజనాల వేళ ఒక గంటసేపు తలుపు దగ్గరగా వేసుకుని ఆ గదిలో కూర్చునేవారు. కాలేజీలో ఎవరికి ఏ బాధ ఉన్నా వచ్చి చెప్పుకోవచ్చు. ఆ గంటలో ఆ గుమ్మం తొక్కిన మనిషిని నేను చూడలేదు. తొక్కితే సాయంత్రానికల్లా ఫలానా వాళ్లకి తేడా చేసిందట అని క్యాంటీన్ దాకా పాకిపోయేది మరి.

మూడో ఏడాదిలో మానసిక వ్యాధుల పేపరు మొదలైంది. అక్కడొచ్చింది తంటా. ఏ పాఠం చదివితే ఆ జబ్బు మాకే ఉన్నట్టు అనిపించేది. సైకిలుకి తాళం వేశానో లేదోనని రెండుసార్లు వెనక్కి వెళ్లి చూసుకున్న కుర్రాడొకడు, ఇక నా పని అయిపోయిందండీ అని మేడమ్ దగ్గరికి పరిగెత్తాడు. ఇంకో అమ్మాయి ఏకంగా వాళ్ల నాన్నగారికే జబ్బు పేరు పెట్టేసింది. నేనేం తక్కువ తినలేదు, మా మేనత్తకి మూడు రకాలు తేల్చాను. మేడమ్ విసిగిపోయి ఒక చట్టం చేశారు. ఇకమీదట ఎవరైనా ఎవరికైనా జబ్బు అంటగడితే, తమకి తాము అంటగట్టుకున్నా సరే, క్లాసు మొత్తానికీ మిరపకాయ బజ్జీలు కొని పెట్టాలి. ఈ సబ్జెక్టు చదివే ప్రతివాళ్లకీ ఈ భ్రమ పట్టుకుంటుందనీ, నలుగురూ కలిసి నవ్వేస్తే వదిలిపోతుందనీ ఆవిడ అన్నారు. నిజంగానే వదిలేది. కాలేజీ గేటు దగ్గర బజ్జీల బండి ఆయనకి మా డిపార్టుమెంటంటే మహా ఇష్టం.

హాస్టల్లో నా గదిలో ఉండే పిల్లది నరసాపురం. అందుకని అందరం తనని నరసాపురం అనే పిలిచేవాళ్లం. వాళ్ల నాన్నగారు బడిలో మేష్టారు, లూథరన్ చర్చిలో పెద్ద. వాళ్లమ్మ లేసు అల్లేది. ఈ పిల్ల కూడా చూపు బోర్డు మీదే ఉంచి, బల్ల కింద చేతులతో లేసు అల్లుకుంటూ పాఠం వినేది. మా అందరిలోకీ తెలివైంది తనే. ఆ ఏడు దసరా సెలవులు కలుపుకుని విశాఖలో ఒక పెద్ద ఆసుపత్రిలో, మానసిక విభాగంలో నెల్లాళ్లు ఉండి పని నేర్చుకోవడానికి మేడమ్ ఎవరెవరినో బతిమాలి ఒక అవకాశం సంపాదించారు. ఒక్కళ్లకే చోటు. అది దక్కితే పీజీకి దారి పడ్డట్టే. ఆ చోటు నరసాపురానికి అని ఆషాఢంలోనే చెప్పేశారు. ఎవరం కాదనలేదు. నాకు లోపల కొంచెం చురుక్కుమంది, అది వేరే సంగతి.

శ్రావణం వచ్చేసరికి తను మారిపోయింది. మొదట లేసు అల్లడం మానేసింది. అడిగితే వేళ్లు నొప్పులంది. అన్నం పళ్లెంలో కెలికి వదిలేసేది. పొద్దున్న నేను లేచేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉండేది, కళ్లు మాత్రం తెరుచుకునే ఉండేవి. తర్వాత తన వస్తువులు పంచిపెట్టడం మొదలెట్టింది. లేసు అంచుల దిండు గలీబులు హాస్టల్ ఆయాకి ఇచ్చింది. లేసు సూదులు, దారం ఉండలు ఒక జూనియరుకి ఇచ్చేసింది. ఒక రోజు నల్లగా మబ్బు పట్టి ఉండగా తన గొడుగు తెచ్చి నా మంచం మీద పెట్టింది. కొత్త గొడుగు. ఆ ఏడు పుట్టినరోజుకి వాళ్ల నాన్నగారు కొన్నది.

"నువ్వుంచుకోవే. నాకింక అక్కర్లేదు" అంది.

నవ్వుతూనే అంది. వానాకాలంలో గొడుగు ఇచ్చేసే మనిషి ఎక్కడైనా ఉంటుందా? ఇష్టమైన వస్తువులు పంచేయడం, నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, ఇవన్నీ ఒకచోట చేరితే ఏమిటో, చివరికి మనిషి ఏం చేసుకునే ప్రమాదం ఉందో మా పుస్తకంలో ఉంది. ఏ పాఠంలో ఉందో నాకు తెలుసు. తనకీ తెలుసు. ముఖంమీదే అడిగేశాను. నీకు పుస్తకం తలకెక్కిందే అని కొట్టిపారేసింది.

మర్నాడు వెళ్లి మేడమ్‌కి చెప్పాను. ఆవిడ నవ్వి ఊరుకోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. మధ్యాహ్నం గంటలో నరసాపురాన్ని లోపలికి పిలిచి, ప్రశ్నావళి నింపించి, ఎదురుగా కూర్చుని మాట్లాడారు. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని కూడా సూటిగా అడిగారు. అక్కడే దెబ్బతిన్నాం. ఆ ప్రశ్నలన్నీ మేం కలిసి బట్టీ పట్టినవే. ఏ జవాబుకి ఎన్ని మార్కులు పడతాయో, ఎంత దాటితే డాక్టరు దగ్గరికి పంపాలో తనకి నాకంటే బాగా తెలుసు. నిద్ర బాగానే పడుతోందండి అంది. ఆకలేస్తోందండి అంది. విశాఖ ఎప్పుడెప్పుడు వెళ్తానా అని ఉందండి అంది. కాగితం మీద అంత ఆరోగ్యంగా ఉన్న మనిషి మా క్లాసులో ఇంకెవరూ లేరు. మేడమ్ ఊపిరి పీల్చుకున్నారు. చట్టం ప్రకారం బజ్జీలు నేను కొనాల్సి వచ్చింది.

తింటూ తింటూ ఆ సైకిలు తాళం కుర్రాడు, విశాఖ టిక్కెట్టు కోసం ఎన్ని తిప్పలో పాపం అన్నాడు. అందరూ నవ్వారు. నరసాపురం కూడా నవ్వింది. చేతిలో ఉన్న బజ్జీ వాడి మొహాన విసిరికొట్టాను. వాడి చొక్కా మీద ఆ నూనె మరక ఏడాదంతా ఉండిపోయింది. కొట్టి ఏం లాభం? ఆ తర్వాత నేను ఏం చెప్పినా అసూయ కిందే జమకట్టేవారు. నా నోటికి తాళం పడింది.

సాయంత్రాలు తను గోదావరి గట్టుకి వెళ్లేది. రమ్మన్నా రమ్మనకపోయినా నేనూ వెంటపడేదాన్ని. ఎగువన వానలు దంచేస్తున్నాయి. నీళ్లు ఎర్రబడ్డాయి. రేవులో మెట్లు ఒక్కొక్కటే మునుగుతున్నాయి. దుంగలు, గుర్రపుడెక్క, ఎవరి ఇంటివో తాటాకు కప్పులు కొట్టుకొస్తున్నాయి. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారని రేడియోలో చెప్పారు. తను వెళ్లి నీళ్లకి పైమెట్టు మీద నిలబడేది. నేను వెనకాల నిలబడి తన చున్నీ కొస గుప్పిట్లో పట్టుకునేదాన్ని. తనకి తెలుసు. విడిపించుకునేది కాదు. దాంతో నా భయం ఇంకా పెరిగేది.

"ఎంత తొందరగా పోతున్నాయో చూడవే. వాటికి దేని గురించీ ఆలోచించే పని లేదు" అంది ఒక సాయంత్రం.

నేనింక తట్టుకోలేక, మీ నాన్నగారికి చెప్పేస్తానన్నాను. అప్పుడు నావైపు తిరిగింది.

"చెప్తే చదువు మానిపించి తీసుకుపోతారు. విశాఖ పోతుంది. ఆ ఒక్కటీ పోయాక నాకింకేం మిగుల్తుందే?"

చెబితే తనని పట్టి నిలిపిన ఆ ఒక్క ఆశా తెగిపోతుంది. చెప్పకపోతే మనిషే దక్కేలా లేదు. చున్నీ ఇంకో చుట్టు చేతికి చుట్టుకుని, చీకటి పడుతోంది పద అని లాక్కొచ్చాను.

రెండో హెచ్చరిక ఇచ్చిన మర్నాడు పొద్దున్న లేచేసరికి తన మంచం ఖాళీగా ఉంది. హాస్టలంతా వెతికాను. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా రేవుకి పరిగెత్తాను. అక్కడ పోలీసులు తాడు కట్టి ఎవర్నీ దిగనివ్వడం లేదు. అమ్మాయెవరైనా వచ్చిందాండి అని కానిస్టేబుల్ని అడిగాను. ఇందాక ఒక పిల్ల తాడు పట్టుకుని చాలాసేపు నిలబడిందమ్మా, తర్వాత నేను చూసుకోలేదు అన్నాడు ఆయన. నాకు నీళ్ల హోరు తప్ప ఇంకేం వినబడలేదు. పరుగున కాలేజీకి వచ్చిపడ్డాను. వానకి సగంమంది రాలేదు. మేడమ్ అప్పుడే పాఠం మొదలుపెట్టారు. ఆవిడ చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోతుంటే, గుమ్మంలో తను కనబడింది.

నిలువునా తడిసి ముద్దయింది. గొడుగు నా దగ్గర ఉందిగా. చున్నీ కింద దాచి తెచ్చిన పొట్లం తీసి మేడమ్ బల్లమీద పెట్టింది.

"ఇవాళ బజ్జీలు నేను కొన్నానండి."

ఎవరికి అంటగట్టావేంటి అంటూ సైకిలు తాళం కుర్రాడు పొట్లం విప్పి ఒకటి అందుకున్నాడు. తన జడలోంచి నీళ్లు నేలమీద బొట్లు బొట్లుగా పడుతున్నాయి. వాడి చెయ్యి నోటిదాకా వెళ్లి ఆగింది. మెల్లగా దాన్ని మళ్లీ పొట్లంలో పెట్టేశాడు.

"ఎవరికమ్మా?" అన్నారు మేడమ్.

"నాకేనండి."

మధ్యాహ్నం గంట, ప్రశ్నావళి, నా అరుపులు, ఇవేవీ తనచేత ఆ మాట చెప్పించలేకపోయాయి. నవ్వులాటకి పెట్టుకున్న చట్టం ఒక్కటే తన నోటికి అందింది. మేడమ్ ఈసారి ప్రశ్నలేవీ వెయ్యలేదు. పుస్తకం మూసేసి, కొంగుతో నరసాపురం తల తుడిచారు. రిక్షా పిలిపించి, నన్నూ ఎక్కమని, మా ఇద్దరినీ ఊళ్లో ఉన్న మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లారు. దారిపొడుగునా తన చెయ్యి ఆవిడ ఒళ్లోనే ఉంది. ఆ బజ్జీలు ఎవరూ ముట్టుకోలేదని తర్వాత విన్నాను.

డాక్టరు మందులిచ్చి, కొన్నాళ్లు ఒంటరిగా వదలొద్దన్నారు. ఆ సాయంత్రమే మేడమ్ తనని నరసాపురం తీసుకెళ్లారు. నేనూ వెళ్లాను. విషయం విని మేష్టారు గోడకి జేరబడి కూర్చుండిపోయారు. వాళ్లమ్మ అల్లుతున్న లేసు పక్కన పెట్టి, దీని చదువు దీనికి ఉంటుందాండి అని అడిగింది. క్లాసులో చోటు ఎప్పుడొచ్చినా ఉంటుందమ్మా, విశాఖది మాత్రం ఈసారికి కుదరదు అన్నారు మేడమ్. అబద్ధం చెప్పలేదు. తను కళ్లు మూసుకుంది. అప్పుడు ఆ ముఖంలో ఏముందో చూడటానికి నాకు ధైర్యం చాల్లేదు.

విశాఖ చోటు నాకే వచ్చింది. వద్దని మొండికేశాను. మేడమ్ చెడామడా తిట్టి పంపారు. స్టేషన్‌కి నా పెట్టె మోసుకొచ్చింది ఆ సైకిలు తాళం కుర్రాడే, నోరెత్తితే ఒట్టు. ఆసుపత్రిలో ఆ నెల్లాళ్లూ చాలా నేర్చుకున్నాను. వాన పడుతుండగా గొడుగు లేకుండా వచ్చిన ఆడపిల్లని చూస్తే చాలు, కుర్చీలోంచి లేచి ఎదురెళ్లేదాన్ని. అక్కడి పెద్ద డాక్టరుగారు ఏంటమ్మా ఈ కంగారు అనేవారు. ఇంటినుంచి ఫోన్ వచ్చిందని ఎవరు పిలిచినా, అది నరసాపురం కబురేమోనని పరిగెత్తేదాన్ని.

కార్తీకంలో తుఫాను పట్టింది. హాస్టల్ గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. తలుపు తోసుకుని తను వచ్చింది, చేతిలో సంచి. వాళ్ల నాన్నగారు గేటు దాకా దింపి వెళ్లారట. మందులకి ముఖం కాస్త ఉబ్బింది, వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. గదంతా కలయజూసింది. గోడమీద మేకుకి తన గొడుగు వేలాడుతోంది. నేనది ఒక్కసారి కూడా విప్పలేదు.

"ఎవర్నడిగి నీ మేకుకి తగిలించుకున్నావే? నా గొడుగు నాకు ఇచ్చెయ్" అంది.

ఆ కసురుకి నాకు ఏడుపు ఆగలేదు. గొడుగు చేతిలో పెట్టి, మళ్లీ ఎవరికీ ఇవ్వనని ఒట్టు వెయ్యమని అరిచెయ్యి చాపాను. తను నా చేతివంక చూసింది. కిటికీ అవతల వానవంక చూసింది. చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాతే నా చేతిలో చెయ్యి వేసింది.

ఒట్టు వేసింది గాని, వెయ్యబోయే ముందు ఆగింది. దాన్ని నేను మర్చిపోలేదు. ఇద్దరికీ సెల్‌ఫోన్లు వచ్చాక, వాన ముదిరినప్పుడల్లా తనకి ఫోన్ చేసి గొడుగు ఎక్కడుందే అని అడుగుతాను. మేకుకే ఉందిలే, పనిలేదా నీకు, పెట్టెయ్ ఫోను అని కసురుతుంది. కసిరితే పడుకుంటాను. ఒకవేళ మెత్తగా మాట్లాడితే, బస్సు వేళలు చూసుకుంటాను.