తెల్లవారి బస్సు వాళ్ళది, పొద్దెక్కిన బస్సు మాది

పోయిన నెలలో ప్రొద్దుటూరు కాలేజీ నుంచి ఫోను వచ్చింది. నేను పదవీ విరమణ చేసి చాలా ఏళ్ళయింది కాబట్టి ఏ పెన్షను కాగితం గురించో అనుకుని తీశాను. అవతల మాట్లాడిన అమ్మాయి మర్యాదగానే చెప్పింది: రాజనీతిశాస్త్రంలో చేరేవాళ్ళు లేక ఆ శాఖను ఎత్తేశారట, ఆ గదిలో కంప్యూటర్లు పెడతారట, బీరువాలో నా పేరున్న పుస్తకాలు కొన్ని కనబడ్డాయట, వచ్చి తీసుకుపోతారా లేక పాత కాగితాలవాడికి వేసేయమంటారా అని. వేసేయమ్మా అనేద్దామనే అనిపించింది. ఈ వయసులో పులివెందులలో బస్సెక్కి పోయి, మోకాళ్ళు పట్టుకుని మేడ మెట్లెక్కి, అక్కడ ఎవరూ చదవని పుస్తకాలను ఇక్కడ ఎవరూ చదవని ఇంటికి మోసుకురావడం దేనికి? అయినా పోయాను. వద్దనుకున్న పనులే ముందు చేసే స్వభావం నాది, మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ దాని మీదే నన్ను ఆటపట్టించేది.

దుమ్ము దులిపితే అడుగున నా పరిశోధన గ్రంథం దొరికింది. నీలం రెక్సిన్ అట్ట, వెన్ను మీద బంగారు అక్షరాలు సగం రాలిపోయి ఉన్నాయి. అణ్వాయుధాలున్న దేశాలు ఒకదాన్నొకటి నమ్మకుండానే, యుద్ధం రాకుండా ఎట్లా నెట్టుకొస్తాయన్నది అందులో విషయం. పేజీలు తిప్పుతుంటే మిగతా అధ్యాయాలన్నీ బొద్దుగా ఉండి, ఐదోది మాత్రం జ్వరం నుంచి లేచిన మనిషిలా బక్కచిక్కి కనిపించింది. అది ఎందుకట్లా చిక్కిపోయిందో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ ఖాళీ గదిలో, విరిగిన బెంచీ మీద కూర్చుని, చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాను.

నాకు ఊహ తెలియకముందే నాన్న పోవడంతో అమ్మ నన్ను చంకనేసుకుని కొండాపురం వైపున్న తన పుట్టింటికి వచ్చేసింది. ఆ ఊరు ఇప్పుడు గండికోట రిజర్వాయరు నీళ్ళ కింద ఉంది కాబట్టి పేరు చెప్పకపోయినా ఫరవాలేదు. మమ్మల్ని పెంచింది మా మేనమామ. ఊళ్ళో రెండు వర్గాలు, ఒకదానికి మామ పెద్ద. గొడవ ఎందుకు మొదలైందో తలా ఒక కథ చెప్పేవారు. నాకు తెలిసిందల్లా నేను పుట్టకముందు రెండు వైపులా మనుషులు పోయారని, ఇంట్లో ఇద్దరు అత్తల నుదుళ్ళు బోసిగా ఉండేవని మాత్రమే. అప్పటి మా వయసు వాళ్ళకు ఈ సంగతులు విడమరచి చెప్పనక్కరలేదు. మన వైపు చాలా ఊళ్ళలో చాలా ఇళ్ళు ఇట్లాగే ఉండేవి.

జమ్మలమడుగు పోవడానికి మా ఊరికి పొద్దున పూట రెండు బస్సులు. తెల్లవారి వచ్చేది వాళ్ళది, పొద్దెక్కి వచ్చేది మాది. అంటే సొంత బస్సులని కాదు, రెండూ సర్కారువే. వాళ్ళ మగవాళ్ళు మొదటిదాన్లో పోతారు, మా మగవాళ్ళు రెండోదాన్లో పోతారు, సాయంత్రం తిరుగు బస్సులకూ అదే పద్ధతి. ఆడవాళ్ళకూ పిల్లలకూ ఏ బస్సయినా ఒకటే. ఈ పద్ధతి ఎవరు పెట్టారో, ఏ పంచాయితీలో తేల్చారో అని చిన్నప్పుడు అడిగితే ఎవరూ సమాధానం చెప్పలేదు. ఎందుకంటే ఎవరూ తేల్చలేదు. ఒకనాడు మామ అరుగు మీదే కూర్చుని మొదటి బస్సు వదిలేశాడట, మర్నాడు వాళ్ళ వర్గం పెద్ద కూడా టీకొట్టు దగ్గరే నిలబడి రెండోది వదిలేశాడట, అంతే, దాని తర్వాత రోడ్డు మీద రెండు గుంపులూ ఎదురుపడింది లేదు, రక్తం చుక్క రాలింది లేదు.

జమ్మలమడుగు హైస్కూలుకు నేను మొదటి బస్సులోనే పోయేవాణ్ణి. నాకు నూనూగు మీసం వచ్చిన ఏడాది, ఒక పొద్దున బస్సెక్కబోతుంటే వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి నా భుజం మీద పడింది. మామ. చెయ్యి తీయలేదు. బస్సు వెళ్ళిపోయింది. నేను పెద్దవాణ్ణయ్యానని నాకు తెలిసింది అట్లా. రెండో బస్సు చేరేసరికి బళ్ళో మొదటి పీరియడు అయిపోయేది, మొదటి పీరియడు ఎప్పుడూ లెక్కలే. మా వర్గంలో లెక్కలు సరిగా వచ్చిన మగపిల్లాడు ఒక్కడూ లేకపోవడానికి కారణం అదే. నేను ఇంజనీరు కాకుండా రాజనీతిశాస్త్రంలో పడడానికి కూడా అదే కారణమని తర్వాత నా విద్యార్థులతో నవ్వుతూ చెబుదామనుకునేవాణ్ణి గానీ, చెప్పకూడదు కాబట్టి చెప్పలేదు.

ఒక్కసారి మాత్రం పద్ధతి తప్పింది. మామ పెద్దకూతుర్ని గుంటూరు వైపు ఇచ్చారు. ఆ కొత్త అల్లుడు గారు పొద్దున్నే లేచి, షికారుకని బయలుదేరి, ఎవరికీ చెప్పకుండా మొదటి బస్సెక్కి కూర్చున్నాడు. కబురు తెలిసి ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా దించే దిక్కు లేదు. మామ స్తంభానికి ఆనుకుని నిలబడినవాడు నిలబడినట్టే ఉన్నాడు. సాయంత్రానికి అల్లుడు గారు చెక్కుచెదరకుండా దిగాడు. కిటికీ పక్క సీటిచ్చారని, జమ్మలమడుగులో హోటలుకు తీసుకుపోయి ఉగ్గాని, బజ్జీ పెట్టించారని, తిరిగొచ్చేటప్పుడు బస్సెక్కబోతుంటే ఇది మీది కాదని ఆపి, సరైన బస్సు చూపించి మరీ ఎక్కించారని, ‘మీ ఊరివాళ్ళు ఎంత మంచివాళ్ళండీ’ అని మురిసిపోతూ చెప్పాడు. నవ్వాలో ఏడవాలో మాకెవరికీ తెలియలేదు. కొంతకాలానికి వాళ్ళ పెద్దాయన తమ్ముడు ఒంట్లో బాగాలేని బిడ్డను ఎత్తుకుని మా బస్సు ఎక్కాల్సివస్తే, మావాళ్ళు ఒక్కమాట మాట్లాడకుండా లేచి ముందు సీటు ఖాళీ చేశారు.

తర్వాత ప్రొద్దుటూరులో డిగ్రీ, ఆ తర్వాత ఢిల్లీ. అంతర్జాతీయ భద్రత మీద పరిశోధన అని ఉత్తరం రాస్తే, ఊళ్ళో వాళ్ళు గన్‌మన్లను ఇప్పించే ఆఫీసనుకుని ఇద్దరు ముగ్గురు సిఫారసు కూడా అడిగారు. మా గైడు పెద్దావిడ, మాట కరుకు, మనసు మెత్తన. నేను రాసుకుపోయిన ప్రతి అధ్యాయాన్నీ చూసి, ఇవన్నీ నేను చదివిన పుస్తకాలే, నేను చదవనిది ఒకటి తీసుకురా అనేవారు. ఒక చలికాలం సాయంత్రం టీ తాగుతూ, ఊసుపోక మా ఊరి బస్సుల సంగతి చెప్పాను. ఆవిడ కప్పు కింద పెట్టేశారు. మళ్ళీ మొదటినుంచి చెప్పమన్నారు. పెద్ద పెద్ద దేశాలు ఏళ్ళ తరబడి బల్లల చుట్టూ కూర్చుని సాధించలేనిది ఇది, దీన్నే ఐదో అధ్యాయంగా రాయి, పరిశోధన సంస్థలో ఒక శాశ్వత ఉద్యోగం ఖాళీ ఉంది, ఈ అధ్యాయం ఉంటే అది నీదే, లేకపోతే నీలాంటివాళ్ళు ఈ ఊళ్ళో వీధికి పదిమంది ఉన్నారు అని తేల్చి చెప్పారు.

ఆ ఎండాకాలం ఊరికొచ్చాను. రెక్కలొచ్చినంత సంబరంగా ఉంది. కళ్ళంలో వేరుశనక్కాయల కుప్ప పక్కన కూర్చున్న మామకు అంతా వివరించి, రాయనా అని అడిగాను. మామ చేతిలోని కాయలు ఒలిచి పక్కన పెట్టి అన్నాడు.

“దీన్ని ఒప్పందమని రాస్తావు గదా అల్లుడా. ఒప్పందమంటే ఎవుడో ఒగడు ముందు పోయి అడిగినట్టు. అడిగినోడు తగ్గినట్టు. మేం అడగల్యా, వాళ్ళూ అడగల్యా, అందుకే ఇన్నాళ్ళు నిలబడింది. నువ్వు అచ్చేస్తే రేపు మా పిల్లోళ్ళు వాళ్ళే అడిగినారంటారు, వాళ్ళ పిల్లోళ్ళు మేమే అడిగినామంటారు. అది మళ్ళా శానా దూరం పోతాది.”

ఇంకో గుప్పెడు కాయలు తీసుకుని, “నీ ఉద్యోగం పోతాదంటే రాసుకో. నేను వద్దనను” అన్నాడు.

వద్దని ఉంటే ఎదిరించి రాసేవాణ్ణేమో. వద్దనలేదు. బోసి నుదుళ్ళ అత్తలు ఆ కళ్ళంలోనే వంగి కాయలు ఏరుతున్నారు. నేను ఢిల్లీ పోయి, తగినంత సమాచారం దొరకలేదని గైడు గారికి చెప్పాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, భయపడ్డావా అని మాత్రం అడిగారు. ఆ మాట నన్ను చాలా ఏళ్ళు కుట్టింది. ఐదో అధ్యాయంలో ఎవరో ఎక్కడో చెప్పినవి నాలుగు అతికించాను. పట్టా వచ్చింది, ఉద్యోగం ఇంకొకతనికి వచ్చింది. ఆయన పెద్దవాడై, యుద్ధం మాట వచ్చినప్పుడల్లా టీవీలో కనబడేవాడు. మా ఆవిడ చప్పున చానెల్ మార్చేసేది.

నేను ప్రొద్దుటూరులో, తర్వాత జమ్మలమడుగులో, మళ్ళీ ప్రొద్దుటూరులో, చివరికి పులివెందులలో పాఠాలు చెప్పాను. ఏ పాఠం చెబితే ఏముంది, ముందు బెంచీల వాళ్ళు పరీక్షకు వచ్చే ప్రశ్నలు చెప్పమనేవారు, వెనక బెంచీల వాళ్ళు హాజరు వేయించుకుని వెళ్ళిపోయేవారు. బలాబలాల సమతూకం గురించి బోర్డు మీద గీతలు గీస్తుంటే, కిటికీలోంచి చీనీకాయల లారీల హారన్లు వినబడేవి. మొదట్లో కోపం వచ్చేది, తర్వాత నవ్వు వచ్చేది, ఆ తర్వాత ఏదీ రాలేదు. అలసట అనేది ఒకనాడు వచ్చి పడేది కాదు, అద్దెకు దిగినవాడిలా వచ్చి ఇల్లు తనదే చేసుకుంటుంది. చెప్పుకుంటూ పోతుంటే, నేను బోధించిన ఒప్పందాలు కూడా ఒక్కటొక్కటే రద్దయిపోయాయి. సంతకాలు చేసిన దేశాలే చించేసుకున్నాయి, నేను మాత్రం పాత నోట్సులో ఆ పేజీలు కొట్టేసుకుంటూ పోయాను.

ఈలోగా రిజర్వాయరు వచ్చింది, ఊరు మునిగింది, కొండాపురం దగ్గర కాలనీలో ఇళ్ళ స్థలాలు ఇచ్చారు. చీటీలు తీసి ఇచ్చారు కాబట్టి మామ ఇల్లు, వాళ్ళ పెద్దాయన ఇల్లు ఎదురెదురుగా పడ్డాయి. ఇద్దరూ ముసలివాళ్ళయ్యారు. పిల్లలు బెంగుళూరులో, కువైటులో స్థిరపడ్డారు, అక్కడ ఒకరింటికి ఒకరు పండక్కి పిలుచుకుంటారని విన్నాను. ఇక గొడవ పడడానికి మనుషులు ఎక్కడున్నారు? కాలేజీ నుంచి గ్రంథం ఇంటికి తెచ్చుకున్నాక నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడైనా ఆ అధ్యాయం రాస్తే తప్పేమిటనిపించింది. పోయిన వారం కాలనీకి పోయి మామను అడిగాను.

“నన్నడిగితే ఎట్ల? ఆయప్పను గూడా అడగాల గదా” అన్నాడు మామ.

మీరే ఒకమాట అడగండి మామా అంటే, నావైపు జాలిగా చూశాడు. “ఇన్ని సదువులు సదివినావు. నేనడిగితే నేను తగ్గినట్టు గాదా?”

సరేనని రోడ్డు దాటి ఎదురింటికి నేనే పోయాను. ఆ పెద్దాయన నన్ను మంచం మీద కూర్చోబెట్టుకుని, మజ్జిగ ఇప్పించి, నేను చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నాడు. చివరకు కళ్ళు తెరిచి, ముఖంలో ఒక్క గీత కదలకుండా, “ఏ బస్సులు నాయనా?” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే జమ్మలమడుగు పోయే బస్సుకు నేను బయలుదేరాను. కళ్ళ డాక్టరు దగ్గర పనుందని మామ కూడా తెల్లపంచె కట్టుకుని, గొడుగు పట్టుకుని నాతో బస్టాపుకు వచ్చాడు. బస్సు ఆగింది. అప్పుడే ఎదురింటి పెద్దాయన కర్ర పొడుచుకుంటూ వచ్చి ముందు తలుపు గుండా ఎక్కాడు, ఆయనకూ ఏదో పని. మామ మెట్టు మీద పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకుని, సిమెంటు అరుగు మీద కూర్చున్నాడు.

“నువ్వు పో అల్లుడా. నేను ఎనక బస్సుకు వస్తాలే.”

వెనక బస్సు మధ్యాహ్నానికి గానీ లేదు. నా భుజం మీద ఈసారి ఎవరి చెయ్యీ పడలేదు, అయినా నేను ఎక్కలేదు. మామ పక్కనే కూర్చున్నాను. కిటికీలోంచి ఆ పెద్దాయన మావైపు చూడలేదు, మామ ఆయనవైపు చూడలేదు. బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది. భయపడ్డావా అన్న గైడు గారు ఇప్పుడు లేరు. ఉంటే ఆ అరుగు మీద, మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టేవాణ్ణి. ఊరు పోయింది, శాఖ పోయింది, నేను చెప్పిన పాఠాలు పోయాయి, వినేవాళ్ళు ఎప్పుడూ లేరు. నా బతుకంతా వెతికింది మాత్రం అక్కడే ఎండలో గొడుగు వేసుకుని కూర్చుని ఉంది, ఇంకో ఏడో రెండేళ్ళో అదీ పోతుంది.

అధ్యాయం రాయలేదు. మీకు మాత్రం చెప్పాను, మన వయసు వాళ్ళని, మన వైపు వాళ్ళని. ఎవరైనా వచ్చి అడిగితే, ఏ బస్సులు అనండి.