వాగు గట్టున విల్లో కొమ్మలు

మేము కమ్మింగ్‌లో ఇల్లు కొన్న ఏడాది జార్జియాలో సరిగ్గా వానల్లేవు. లాన్‌కి నీళ్లు పెట్టకూడదని కౌంటీ వాళ్లు ఆంక్ష పెట్టారు. మా కాలనీ వెనక సన్నటి వాగొకటి ఉండేది. దిగి నడిస్తే చీలమండలు కూడా తడిసేవి కావు. అప్పట్లో నాది హెచ్-4 వీసా. బోటనీలో ఎమ్మెస్సీ చేసి నాలుగేళ్లు కాలేజీలో పాఠాలు చెప్పినదాన్ని, ఇక్కడ ఉద్యోగం చేసే అనుమతి లేక, పాపని స్కూల్ బస్సెక్కించి ఆ వాగు వెంట నడుస్తూ పొద్దు గడిపేదాన్ని.

ఆ పెద్దాయన నాకు అక్కడే కనిపించారు. డెబ్బై దాటిన తెల్లాయన. రోజూ ఒకే చోట నిలబడి అవతలి గట్టు వైపు చూస్తుండేవారు. మొదట్లో భయం వేసి దూరంగా తప్పుకునేదాన్ని. నాలుగో రోజో ఐదో రోజో ఆయనే పలకరించారు. సాగదీసి మాట్లాడే ఆ ఇంగ్లిష్ నాకు సగమే అర్థమైంది. మా ఇళ్లు కట్టిన నేలంతా ఒకప్పుడు ఆయన పొలమట. భార్య జబ్బు పడినప్పుడు బిల్డర్‌కి అమ్మేశారట.

"గట్టు మీది చెట్లు నరకబోమన్నారు. నేను నమ్మాను," అన్నారు.

చెట్లు పోయాక గట్టుకి పట్టు లేకుండా పోయింది. లాన్‌ని నీటి అంచు దాకా పరిచారు. చిన్న జల్లు పడినా ఎర్రమట్టి పెళ్లలుగా విరిగి వాగులో పడేది. చిన్నప్పుడు తాను చేపలు పట్టిన మడుగు ఎక్కడుందో ఆయన వేలితో చూపించారు. అక్కడ ఇసుకమేట తప్ప ఏమీ లేదు.

ఆ చలికాలం ఆయన తన పాత ట్రక్కులో, నీటి ఒడ్డున పెరిగే విల్లో చెట్ల కొమ్మలు మోపులుగా తెచ్చారు. మోడుగా ఉన్నప్పుడు కోసి తడిమట్టిలో దిగగొడితే కొమ్మే వేరు తొడుగుతుంది, ఆ వేళ్లు గట్టుని అల్లుకుంటాయి. పుస్తకాల్లో చదివిన సంగతే, చేత్తో ఎప్పుడూ చేయలేదు. నేను పాతిన మొదటి కొమ్మని ఆయన పైకి లాగి, తిరగేసి, మళ్లీ దిగగొట్టారు. మొగ్గలు ఆకాశం వైపు ఉండాలి. అంత చదువుకున్నదాన్ని, తలకిందులుగా పాతాను.

రెండు వారాలు ఇద్దరమే పనిచేశాం. వసంతంలో ఆ పుల్లలన్నీ చిగురించాయి. నాకు పట్టలేనంత ఉత్సాహం వచ్చి, తలో వంటకం తెచ్చుకునే ఉగాది పాట్‌లక్‌లో వాతావరణ మార్పు గురించి స్లైడ్స్ వేశాను. కరుగుతున్న మంచు, ఎండుతున్న నదులు. రెండో స్లైడ్ దగ్గరే మా పక్కింటాయన, వరంగల్ వాళ్లు, నవ్వుతూ లేచారు.

"అక్కా, నువ్వు చెప్పేది మంచిగనే ఉంది గానీ, బిర్యానీ చల్లారుతోంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వి ల్యాప్‌టాప్ మూసేశాను.

ఎండాకాలానికి కొమ్మలు నడుము ఎత్తు పెరిగాయి. గట్టు అడవిలా ఉందని, పాములొస్తాయని కాలనీ అసోసియేషన్‌కి ఫిర్యాదులు వెళ్లాయి. క్లబ్‌హౌస్‌లో మీటింగ్ పెట్టారు. పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. ఆ కొమ్మలు ఎందుకు ఉండాలో ఆయన చెబుతుంటే, ప్రెసిడెంట్ మధ్యలో ఆపాడు.

"మీరు ఈ కాలనీలో ఉంటారా?"

"లేదు."

"సారీ సర్. ఇక్కడ రెసిడెంట్స్‌కే మాట్లాడే అవకాశం."

ఆయన వెనక్కి తిరిగి ఒక్కసారి నా వైపు చూశారు. గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది, గొడవల్లో తలదూర్చకు అని బయల్దేరేముందు మావారు చెప్పారు. కాలనీ మీటింగ్‌కీ గ్రీన్‌కార్డ్‌కీ సంబంధం లేదని నాకు తెలుసు. అయినా పక్కన కూర్చున్న పాప జడ సవరిస్తున్నట్టు తల దించుకున్నాను. కొమ్మలు ఉంచాలనేవాళ్లు చేతులెత్తమన్నప్పుడు కూడా ఎత్తలేదు.

ఆ వారమే మెషీన్లు వచ్చి గట్టంతా చదును చేశాయి. ఏటవాలు మరీ ఎక్కువగా ఉన్న ఒక మూలకి మాత్రం మెషీన్ దిగలేక వదిలేశారు. మధ్యాహ్నం పెద్దాయన వచ్చి, తెగిపడిన కొమ్మలన్నీ ఏరి ఒకచోట కుప్పగా పెట్టి వెళ్లిపోయారు. వంటింటి కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. ఆ తర్వాత ఆయన వాగు దగ్గరికి రాలేదు. ఇల్లు ఎక్కడో తెలిసినా నేనూ వెళ్లలేదు.

మరుసటి ఏడు సెప్టెంబర్‌లో వాన పట్టుకుంది. కరువు చూపించిన ఆకాశమే ఇంత వాన కురిపిస్తుందని ఎవరూ అనుకోలేదు. మూడో రోజు పొద్దున్నే పక్కింటాయన మా తలుపు బాదారు.

"అన్నా! అక్కా! అమ్మ కింద బేస్‌మెంట్ రూమ్‌లో ఉంది. డోర్ ఓపెన్ అయితలేదు!"

గట్టు విరిగి వాగు వాళ్ల పెరట్లోకి మళ్లింది. బేస్‌మెంట్‌లో మోకాళ్లు దాటి ఎర్రనీళ్లు. ఆవిడ ఊరి నుంచి వచ్చి రెండు నెలలు. మావారూ ఆయనా కలిసి తలుపు పగలగొట్టేసరికి ఆవిడ మంచం మీద నిలబడి గోడని పట్టుకుని ఉన్నారు. మా వంటింట్లో దుప్పటి కప్పి టీ ఇస్తే, తాగకుండా గ్లాసు బల్ల మీద పెట్టేశారు. "గోదారి పొంగినప్పుడు కూడా ఇంత భయపడలే బిడ్డా," అన్నారు. ఆవిడ ముఖం చూడలేకపోయాను.

నీళ్లు తగ్గాక వెళ్లి చూశాను. చదును చేసిన గట్టంతా కంచెతో సహా కొట్టుకుపోయింది. మెషీన్ దిగని ఆ మూల మాత్రం కొమ్మలు నేలకి వాలిపోయి బురదలో ఉన్నాయి. కింద మట్టి కదల్లేదు.

తర్వాతి మీటింగ్‌లో నేనే మొదట లేచాను. ఇంగ్లిష్ తడబడింది. కరిగే మంచు గురించి ఏమీ చెప్పలేదు. ఆ మూల ఫోటో, పక్కనే విరిగిపోయిన గట్టు ఫోటో చూపించాను. పోయినసారి ఇదే గదిలో ఈ సంగతి తెలిసి కూడా నోరు విప్పలేదని చెప్పాను. అప్పుడు పక్కింటాయన లేచారు.

"లాస్ట్ టైమ్ కంప్లైంట్ చేసినవాళ్లలో నేనూ ఉన్నాను," అన్నారు ఇంగ్లిష్‌లో. తర్వాత వాళ్లమ్మ ఆ పొద్దున మంచం మీద నిలబడి ఉన్న సంగతి చెప్పి కూర్చున్నారు.

వాగుకి అటూ ఇటూ కొంత మేర ముట్టుకోకూడదని ఆ రోజు తీర్మానించారు.

మర్నాడు పెద్దాయన ఇంటికి వెళ్లాను. కూతురు తలుపు తీసింది. వేసవిలోనే స్ట్రోక్ వచ్చిందట, ఎడమ వైపు పడిపోయింది. కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు. తిడితే బాగుండుననిపించింది.

"ఆ రోజు నేను మాట్లాడాల్సింది. నన్ను క్షమించండి," అన్నాను.

ఆయన మాట ముద్దగా వచ్చింది. "అమ్మిన రోజు, చెట్ల సంగతి కాగితంలో రాయమని అడగాల్సింది. నేనూ అడగలేదు." ఆ వెంటనే, "మళ్లీ నాటుతున్నారా? ఏ కొస కిందికి పెడతారు?" అన్నారు.

"లావు కొస," అన్నాను. తల ఊపారు.

ఫిబ్రవరిలో నాటిన రోజు కాలనీలో సగం మంది వచ్చారు. తెలుగువాళ్లూ, తెల్లవాళ్లూ, కొరియా వాళ్లూ. విరిగిన చోట పరచడానికి తెచ్చిన కొబ్బరిపీచు చాపలు చూసి పక్కింటి పెద్దావిడ ఆశ్చర్యపోయారు. "ఇవి మన దిక్కువే గదా!" అంటూ వాటి అంచులు సరిచేస్తూ కూర్చున్నారు. పెద్దాయన్ని కూతురు ట్రక్కులో తీసుకొచ్చింది. దిగలేకపోయారు. అద్దం దించుకుని చూస్తూ, ఎవరైనా కొమ్మ పైపైన గుచ్చితే చాలు, కుడిచేత్తో ట్రక్కు తలుపు మీద కొట్టేవారు. ఇంకా లోతుకి అని దాని అర్థం.

నాటినవన్నీ బతకలేదు. మూడోవంతు పైనే ఎండిపోయాయి. ఆ ఎండాకాలమే ఆయన పోయారు. నాకు కబురు ఆలస్యంగా అందింది, అంత్యక్రియలకి వెళ్లలేకపోయాను. ఎండిన చోట్ల తర్వాతి చలికాలం మళ్లీ నాటాం.

కొన్నాళ్లకి మావారి ఉద్యోగం మారి మేము వేరే రాష్ట్రంలోని మోరిస్‌విల్ వచ్చేశాం. నిరుడు పక్కింటాయన ఫోన్ చేశారు. వాగులోకి బీవర్లనే పెద్ద ఎలుకల్లాంటి నీటిజంతువులు వచ్చాయట, విల్లోలు కొరికి అడ్డంగా ఆనకట్ట కడుతున్నాయట. బోనులు పెట్టి పట్టించాలని కొందరు పట్టుబడుతున్నారు.

"నువ్వేమంటావ్ అక్కా? అవి ఉంటే మన కొమ్మలు పోతయ్. అవి పోతే కట్ట నిలవదు, పెద్దాయన మడుగు మళ్లీ రాదంటున్నరు."

నాకూ తెలియలేదు. చదివి చెబుతానన్నాను.

"త్వరగా చెప్పు. గురువారం మీటింగ్ ఉంది, నేను మాట్లాడాలె," అన్నారు.