బస్సులో వేళాకోళం ఆగిన రోజు

రంగుల కంపెనీవాళ్లు పెయింటర్లను కొంతమందిని ఏరి విదేశం చూపిస్తామన్నారు. ఆ ఏరినవాళ్లలో అతనొకడు. మొదట వెళ్లనన్నాడు. ఇంట్లో అక్కకు ఒంట్లో బాగోదు. తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచింది ఆ అక్కే. పెళ్లయి అత్తారింటికి పోతూ తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుపోయిన మనిషి.

"ఇన్నాళ్లూ గోడలకు రంగులేస్తూ గోడలే చూశావు. వెళ్లి నాలుగూ చూసి రారా. నేనెక్కడికి పోతాను?" అంది, మంచం మీంచే అతని బట్టలు సర్దిస్తూ.

మొదటిరోజంతా అతనికి అయోమయమే. కదిలే మెట్ల మీద కాలు పెట్టడానికి జంకి, వెనకవాళ్లనందర్నీ ఆపేశాడు. హోటల్లో అద్దం తలుపని తెలియక దానికి నుదురు కొట్టుకున్నాడు. పాత భవనాల ముందు అందరూ ఫోటోలు దిగుతుంటే, ఇతను గోడను గోటితో గీకి ఎన్ని పూతలు పడ్డాయో చూస్తున్నాడు. దాంతో తోటి పెయింటర్లు 'సున్నం' అని పేరు పెట్టేశారు. బస్సెక్కితే సున్నం, దిగితే సున్నం. అందరికంటే ఎక్కువ ఏడిపించింది ఓ లావుపాటాయన. సాయంత్రం అక్కకు వీడియో కాల్ చేసి ఇదంతా చెబితే, ఆవిడ దగ్గుతూనే పొట్ట పట్టుకుని నవ్వింది.

మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గరికి ఆలస్యంగా దిగాడు. మళ్లీ ఏమంటారోనని బెరుగ్గానే వచ్చాడు గానీ, ఎవరూ ఏమీ అనలేదు. వాళ్లతో వచ్చిన పెద్దమేస్త్రి తనే టీ తెచ్చి చేతికిచ్చాడు. బస్సులో లావుపాటాయన లేచి, కిటికీ పక్క సీటు వదిలేశాడు. ఇప్పటికి తనను కలుపుకున్నారనుకుని అతను లోలోపల పొంగిపోయాడు. ఆ ముచ్చట అక్కకు చెబుదామని ఫోన్ చేస్తే, బావ ఎత్తాడు.

"అక్క పడుకుంది నాన్నా. మందేసుకుంది. నువ్వు అన్నీ చూసిరా."

వెనకాల ఎవరెవరో మాట్లాడుతున్నారు. కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు. ఏనాడూ 'ఏరా వెధవా' తప్ప మరో పిలుపు ఎరగని బావ ఇవాళ నాన్నా అన్నాడు. ఫోన్ పెట్టేసి తలెత్తితే, అందాకా తనవైపే చూస్తున్న కళ్లన్నీ ఒక్కసారిగా పక్కకు తిరిగాయి.

బస్సు ఓ పాత కోట ముందు ఆగింది. దిగి పెద్దమేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కేనా?"

మేస్త్రి అతని భుజం మీద చెయ్యేశాడు. "తెల్లారుజామున పోయిందట. ఎలా బయల్దేరినా నువ్వు కడచూపుకు అందుకోలేవని, ఇంటికొచ్చేదాకా చెప్పొద్దని మీ బావ నాకు ఫోన్ చేసి బతిమాలాడయ్యా."

అతను కోట మెట్ల మీద కూలబడి మళ్లీ ఫోన్ కలిపాడు.

"బావా, తెలిసింది. ఒక్కసారి చూపించు."

అవతల బావ వెక్కుతూ ఫోన్ తిప్పాడు. అక్క ముఖం నిద్రపోతున్నట్టే ఉంది. ఇక్కడ తన చుట్టూ జనం, వాళ్ల భాషల్లో నవ్వులు. ఎవరో కొత్త దంపతులు దగ్గరికొచ్చి, తమను ఫోటో తీయమని సైగ చేశారు. అతను లేచి, తన ఫోన్ మేస్త్రికిచ్చి, వాళ్ల ఫోటో తీశాడు. ఎందుకు తీశాడో అతనికే తెలీదు. వాళ్లు నవ్వుతూ వెళ్లిపోయాక ఏడుపొచ్చింది. లావుపాటాయన పక్కన కూర్చుని వీపు నిమిరాడు. ఆ పూట బస్సులోవాళ్లెవరూ కోట లోపలికి వెళ్లలేదు.

మిగతా రోజులు వాళ్లు ఎక్కడికి తీసుకెళితే అక్కడికి వెళ్లాడు. చూసిందేదీ కంటికి ఆనలేదు. అక్క అక్కడ పోతున్న వేళ, ఇక్కడ తను హాయిగా నిద్రపోయాడు, ఆ తర్వాత కిటికీ సీటుకు మురిసిపోయాడు. అదే ముల్లులా గుచ్చుకుంది.

తిరిగొచ్చాక చాన్నాళ్లు బావతో మాట్లాడలేదు. చివరికి ఓరోజు అన్నం దగ్గర బావే నోరు విప్పాడు. "నాకేమైనా అయితే వాణ్ణి మధ్యలో పిలవకండి అందిరా మీ అక్క. దాని మాట కాదనలేకపోయాను."

అతను తలెత్తలేదు. కూర గిన్నె మాత్రం బావవైపు జరిపాడు.