ఊగని బల్ల

ఆ ఏడాది మా ఇంట్లో గొడవంతా ఒక బల్ల గురించే. నేను వారపత్రికల్లో కథలకు బొమ్మలు వేసేదాన్ని. పెళ్ళయి సిడ్నీ వచ్చాక కూడా ఆ పని మానలేదు. కథ ఫ్యాక్సులో వచ్చేది, నేను ఇండియన్ ఇంకుతో బొమ్మ గీసి పోస్టులో పంపేదాన్ని. మా ఆయన సాఫ్ట్‌వేర్. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ కుప్పకూలిపోతాయని భయపడి వీళ్ళందరినీ పిలిపించుకున్నారు. ఏదీ కూలలేదు. ఆ తర్వాత వీళ్ళతో ఏం పని అని కంపెనీలు ఆలోచించడం మొదలుపెట్టాయి.

మా ఇంట్లో ఉన్నది ఒకటే బల్ల. దాని మీదే తిండి, దాని మీదే ఆయన కంప్యూటరు, దాని మీదే నా బొమ్మలు. అది మా దగ్గరికి రాకముందు ఎన్ని తెలుగు ఇళ్ళు తిరిగిందో దేవుడికెరుక. కాంట్రాక్టు అయిపోయి వెళ్ళేవాళ్ళు కొత్తగా దిగినవాళ్ళకు సామాను అప్పజెప్పి పోవడం అప్పట్లో మావాళ్ళ పద్ధతి. అందుకే బరువైన వస్తువు ఎవరూ కొనేవారు కాదు. మడిచేది, విప్పేది, ఇద్దరు పట్టుకుంటే మెట్లు దిగేది అయితేనే కొనేవారు. మా బల్ల మరలు ఎప్పుడో వదులైపోయాయి, మోచెయ్యి ఆనిస్తే చాలు కిర్రుమనేది.

దానికి తోడు ఆయన కాలు. కుర్చీలో కూర్చుంటే చాలు మోకాలు ఊగుతూనే ఉండేది.

"కాలు ఊపకండి అంటే వినరేం? మళ్ళీ గీత పోయింది."

"టెన్షన్‌లో ఉన్నానే. కాంట్రాక్టు రిన్యూ చేస్తారో లేదో నెలాఖరు ఫ్రైడే మీటింగ్‌లో చెప్తామన్నారు."

"మీ టెన్షన్ నా బొమ్మలోకి తేకండి."

ఒకరోజు పత్రిక నుంచి ఎడిటరుగారు ఫోన్ చేశారు. పెద్దాయన, ఎప్పుడూ మెచ్చుకునే మనిషి. ముందు వాతావరణం గురించి అడిగి, పిల్లలు లేరా అని అడిగి, చివరికి అసలు మాటకొచ్చారు.

"గీత కొంచెం చెదురుతోందమ్మా ఈ మధ్య. చెయ్యి బాగానే ఉందా?"

"చేతికేమండీ, రాయిలా ఉంది. బల్లే ఊగుతోంది."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఒళ్ళు మండింది. అడిగినందుకు కాదు. ఆ ప్రశ్న అంతకుముందే నన్ను నేను వేసుకుని ఉన్నందుకు. మా మేనత్తకు నలభై దాటకముందే చేతులు వణకడం మొదలై, ఊళ్ళో అందరికంటే పెద్ద ముగ్గు పెట్టే మనిషి వాకిలి ఊడ్చే చీపురు మాత్రం పట్టుకుని పక్కకు తప్పుకుంది. ఆవిడ చేతులే నాకొచ్చాయని చిన్నప్పుడు అందరూ ముచ్చటపడేవారు. ఆ సంగతి మా ఆయనకు తెలుసు. తెలిసినా మేమిద్దరం ఎప్పుడూ ఎత్తలేదు. మంచి బల్ల ఒకటి వస్తే చాలు అనుకున్నాను, గట్టిగా అనుకున్నాను.

"బరువైనది కొని ఏం చేస్తాం? ఫ్రైడే నో అన్నారంటే నెలలో సామాను సర్దుకోవాలి. అప్పుడు దాన్నెవరు తీసుకుంటారు?" అన్నారు ఆయన.

"ఎవరూ తీసుకోకపోతే నన్నూ దాన్నీ కలిపి ఇక్కడే వదిలేసి వెళ్ళండి."

మా కింది వాటాలో హైదరాబాద్ అంకుల్ ఉండేవారు. మసాలా సామాన్ల కొట్టు, వెనక సామాను తొట్టి ఉన్న ఒక పాత యూట్ ఆయనవి. మా అరుపులు వినే ఉంటారు, మర్నాడు మెట్ల దగ్గర ఆపి చెప్పారు.

"అమ్మా, కెల్లీవిల్‌ల ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసోళ్ళు నక్షలు గీసే బల్లలు తీసేస్తున్రంట. గిప్పుడు అందరు కంప్యూటర్ల మీదనే గీస్తున్రు గద, అవి ఎవరికి గావాలె? సండే ఆర్వో, అదే మధ్యాహ్నం, ఫ్రీనే ఉంట, పోదాం."

మా ఆయన కడుపు నింపే కంప్యూటరే ఆ బల్లల్ని వీధిలో పడేసిందన్నమాట. ఆదివారం ముగ్గురం యూట్‌లో ఇరుక్కుని వెళ్ళాం.

షెడ్డు నిండా బల్లలే. ఆ ఆఫీసు మనిషి తలుపు తీసి, ఏది కావాలంటే అది తీసుకోమని వెళ్ళిపోయాడు. నేను ఒక్కొక్క దాని మీదా అరచేతులు ఆనించి నొక్కి చూశాను. ఒకదాని పలక ఎండకు వంగింది. ఇంకొకటి చూడ్డానికి బాగుంది గానీ పలకను ఏటవాలుగా నిలిపే పిడి జారిపోతోంది. గోడవారన ఉన్నదాన్ని నొక్కితే నా చేతులే నొప్పి పుట్టాయి. పోత ఇనుము కాళ్ళు, అరచెయ్యి మందం చెక్క.

"ఎక్కి కూర్చోండి," అన్నాను మా ఆయనతో.

"నేనా?"

"ఇంట్లో ఊపుతారుగా, ఇక్కడ కూడా ఊపండి చూద్దాం."

ఎక్కారు పాపం. కాళ్ళు రెండూ ఆడించారు. అంకుల్ తన నీళ్ళ సీసా మూత నిండా నీళ్ళు పోసి పలక మీద పెట్టారు. చుక్క తొణకలేదు. ముగ్గురం నవ్వాం. ఈ మధ్య అంత నవ్వింది లేదు.

"ఒక గీత గీసి చూడరాదమ్మా. పెన్నుంది నా దగ్గర."

"ఆ పెన్నుతో ఏం తెలుస్తుంది అంకుల్, నా కలం ఉండాలి," అని కసిరినట్టే అన్నాను. కలం ఒక వంక మాత్రమే. గీయడానికి భయమేసింది.

దాన్ని యూట్ ఎక్కించడానికి, మా మెట్లు ఎక్కించడానికి మగవాళ్ళిద్దరికీ ప్రాణం పోయింది. అంకుల్ నడుం పట్టుకుని, "ఇది బల్ల కాదమ్మా, ఏనుగు," అని టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. కిటికీ పక్కన వేయించి, తుడిచి, నాలుగు కాళ్ళకూ పసుపు రాసి కుంకుమ పెట్టాను. కొత్త కలం కొన్నా, కొత్త కుంచె కొన్నా నేను ముందు గీసేది వినాయకుణ్ణి. చెయ్యెత్తకుండా ఒకే గీతలో, నుదుటి దగ్గర మొదలుపెట్టి, తొండం మీదుగా దిగి, బొజ్జ చుట్టుకుని వస్తాను. పదేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచీ అంతే.

మా ఆయన గదికి అటు చివర చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఊపిరి కూడా బిగబట్టినట్టున్నారు.

నుదురు బాగానే వచ్చింది. తొండం వంపు తిరిగే చోట గీత రంపంలా పళ్ళు పళ్ళుగా వచ్చింది. నిబ్ తుడిచి, కాగితం మార్చి మళ్ళీ గీశాను. మళ్ళీ అక్కడే. మూడోసారి ఎడంచేత్తో కుడి మణికట్టు పట్టుకుని గీశాను. ఇంకా పాడైంది. బల్ల కదల్లేదు. నేను చూస్తూనే ఉన్నాను, అది ఆవగింజంత కూడా కదల్లేదు.

ఆయన వచ్చి నా భుజం మీంచి మూడు కాగితాలూ చూశారు. వంటింట్లోకి వెళ్ళి ఒక అట్టపెట్టె చింపి, ముక్క మడుచుకుని వచ్చి, నేల మీద బోర్లా పడుకుని బల్ల కాలి కిందకి తోయడం మొదలుపెట్టారు. అట్ట దూరడానికి సందు ఉంటేగా. అయినా బొటనవేలితో నెడుతూనే ఉన్నారు.

"నేల సమంగా లేదే. రెంటు ఇళ్ళు ఇంతే. ఒక్క నిమిషం, సర్దేస్తాను."

"ఏమండీ, అది కదలట్లేదు."

"కదులుతోంది," అన్నారు తలెత్తకుండా. "నేను చూశాను."