మజ్జిగ పారబోసిన పేజీ

మొన్న మా అమ్మాయి బడి చార్టుకు బొమ్మలు అతికించడం కోసం కామారెడ్డిలోని మా వంటింట్లో మైదా లై ఉడికించాను. ఆ వాసన తగలగానే గరిటె తిప్పుతున్న చేయి ఆగిపోయింది. లై వాసన అంటే నాకు ఎల్లారెడ్డి లైబ్రరీ, సుగుణ మేడం. ఆవిడది దోమకొండ. పుస్తకాలు ఇవ్వడం, తీసుకోవడం ఏ లైబ్రేరియనైనా చేసే పనే. మేడం మాత్రం మధ్యాహ్నం జనం పలచబడ్డాక స్టీలు గిన్నెలో లై, పలచటి కాగితం ముక్కలు ముందేసుకుని చిరిగిన పేజీలు అతికించేవారు.

అప్పుడు నేను ఇంటర్ రెండో సంవత్సరం. పుస్తకం పడితే లోకం తెలియదు, కోపం వస్తే అసలే తెలియదు. ఒక నవలలో ఒక పెద్దమ్మ ఉంటుంది. మిగిలిన మజ్జిగను పెరట్లో పారబోస్తుంది గానీ, తన పంచన చేరిన తల్లిలేని పిల్ల అన్నంలో పోయదు. అది చదివి ఒళ్లు మండిపోయింది. ఆమె పేరున్న చోటల్లా కాగితం చిరిగేదాకా పెన్నుతో గీకి, మర్నాడు ఏమీ ఎరగనట్టు పుస్తకం తిరిగిచ్చాను.

మేడం పేజీ చూశారు. తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని లై గిన్నె నా ముందుకు జరిపారు. నేను అతికిస్తుంటే అల్మారాలోంచి ఇంకో లావు పుస్తకం తెచ్చి తెరిచారు. అందులో ఒక రాజు ఊళ్లకు ఊళ్లే తగలబెడతాడు. పేజీలు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి.

"చూసినవా బిడ్డా, గింతమందిని చంపినా వీని మీద ఒక్కలు గూడ గీత గియ్యలే. నీ పెద్దమ్మ పేజీ అతికిచ్చుడు ఇది మూడోసారి."

ఎందుకట్లా అని అడిగాను.

"రాజును ఎవలు చూసిండ్రు? మజ్జిగ పారబోసేటోళ్లను అందరం చూసినం. రాజుకు రాజ్యం గావాలె, చంపిండు. ఈమెకేం గావాలె? పోస్తే పోయేదేం లేదు. అయినా పొయ్యలే."

చిరిగిన కాగితాలను చూసి చదివేవాళ్ల మనసు పట్టుకున్న మనిషి ఆవిడ. అంత తెలివిని అంత దగ్గరగా నేను మళ్లీ చూడలేదు.

లై ఆరేదాకా పేజీని అరచేత్తో అదిమి పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. అప్పుడు నా వైపు చూడకుండానే, మెల్లగా అడిగారు.

"నిన్న మేరి నిన్నేందో అడిగినట్టుంది?"

మేరి మా క్లాసు. నాగిరెడ్డిపేట నుంచి బస్సులో వచ్చేది. తల్లితో నాట్లకు కూలికి పోయి పది రోజులు కాలేజీకి రాలేదు. సోమవారం పరీక్ష. తప్పితే ఇంట్లో చదువు మానిపిస్తామన్నారని, లైబ్రరీకి వచ్చి నా ఎకనామిక్స్ నోట్సు ఒక్కరోజుకు ఇమ్మని అడిగింది. అదంతా నాకు కంఠస్థమే. ఇంట్లో మరిచిపోయానన్నాను. అంతకుముందు లెక్చరర్ ఆమెను మెచ్చుకున్నారు, అదొక్కటే ఆమె చేసిన తప్పు. తను వెళ్లగానే సంచిలోంచి నోట్సు తీసి ఆ బల్ల మీదే చదువుకున్నాను. ఎదురుగా మేడం ఉన్నారు.

లై ఆరింది. నేను పెన్నుతో గీకింది ఎవరినో అప్పుడు తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను.

నాలుగు గంటల బస్సెక్కి నాగిరెడ్డిపేట వెళ్లాను. మేరి పొలంలో నాటు వేస్తోంది. గట్టు మీద నిలబడి నోట్సు చాపాను.

"సంచిలనే ఉండె. నేనే ఇయ్యలే."

ఆమె చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని అందుకుంది.

"నాకెర్కనే. నిన్ననే కనవడ్డది" అంది.

మేరి పాసైంది. మేమిద్దరం పెద్ద స్నేహితులమేమీ కాలేదు. మేడం పోయి చాలా ఏళ్లయింది.

మొన్న చార్టుకు పోగా లై కొంత మిగిలింది. పారబోయబుద్ధి కాలేదు. డబ్బాలో పోసుకుని ఎల్లారెడ్డి బస్సెక్కాను. ఆ నవల ఇంకా లైబ్రరీలోనే ఉంది. నా అతుకు పక్కనే ఎవరో పెద్దమ్మ పేరును కొత్తగా, కాగితం చిరిగేదాకా గీకారు. డబ్బా మూత తీసి కూర్చుని అతికించాను. ఆరేదాకా అరచేత్తో అదిమి పట్టుకున్నాను.